అప్‌డేట్: చిట్టి ఎందుకు గుర్రుమందో తెలిసింది

మా మేనకోడలు మెడ చుట్టూ చేతులు వేసినప్పుడల్లా మా కుక్క చిట్టి ఆవులిస్తోందని, మూతి నాక్కుంటోందని, మొన్న గుర్రుమందని అడిగాను కదా. అది నిద్ర కాదు, ఇబ్బంది అని చాలామంది చెప్పారు. నిజమే. ఇక్కడ విజయనగరంలోనే పశువుల డాక్టరుకి చూపిస్తే కుడి చెవిలో ఇన్‌ఫెక్షన్ బయటపడింది. లోపలంతా గోధుమరంగు గులిమి, ఒకటే వాసన. చెయ్యి తగిలితే నొప్పి పుట్టదా మరి! చుక్కల మందు వేస్తున్నాం, తల విదిలించడం తగ్గింది.

గుర్రుమంటే రెండు తగిలించమని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారు. దయచేసి ఎవరూ కొట్టకండి. అది కరవకముందు ఇచ్చే హెచ్చరిక. భయపెట్టి మాన్పిస్తే చెప్పకుండానే కరవచ్చు. ఇప్పుడు పాప కింద కూర్చుని పిలుస్తుంది, చిట్టే వస్తే ఛాతీ నిమురుతుంది. ఒళ్ళు బిగిసినా, కంటి తెల్లగుడ్డు కనిపించినా వదిలేస్తుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇంటినిండా చుట్టాలే కాబట్టి, దానికి వెనక గది సిద్ధం చేస్తున్నాం.