సమాచార అక్షరాస్యతను అన్ని శాఖల్లో ఒకే పరీక్షతో కొలవవచ్చునా?

ప్రశ్న (విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఉద్యోగిని):
పీజీ మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ ఏటా సమాచార అక్షరాస్యతలో, అంటే కావలసిన ఆధారాన్ని వెతికి, నమ్మదగినదో కాదో తేల్చి, సరిగా వాడుకోవడంలో, రెండు గంటల శిక్షణ ఇచ్చి, చివర 20 బిట్లతో పరీక్ష పెడుతున్నాం. మార్కులు బాగానే వస్తున్నాయి. ఆరు నెలలకు ప్రాజెక్టు నివేదికలు తెరిస్తే మాత్రం, ఆధారాల పట్టికలో సగం ఎవరు రాశారో తెలియని వెబ్‌సైట్ల లింకులే కనిపిస్తున్నాయి. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వడమే మా పొరపాటా? మీ శాఖల్లో ఏం చేస్తున్నారో దయచేసి తెలియజేయండి.

జవాబు (న్యాయశాస్త్ర అధ్యాపకుడు):
మేడమ్, మాకు తీర్పు దొరకడం కష్టం కాదు, అది నేటికీ చెల్లుతుందో లేదో తేల్చుకోవడమే అసలు పని. గత ఏడాది ఒక విద్యార్థి అత్యవసర పరిస్థితి మీద రాస్తూ 1976 నాటి ఏడీఎం జబల్‌పూర్ తీర్పును (ఆ కాలంలో నిర్బంధంపై కోర్టుకు వెళ్లే హక్కు లేదన్నది) పేరా సంఖ్యతో సహా తప్పు లేకుండా ఉటంకించాడు గానీ, 2017లో వ్యక్తిగత గోప్యతకు సంబంధించిన పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పు తప్పని తేల్చిన సంగతి చూడలేదు. మీ బిట్ల పరీక్షలో అతనికి పూర్తి మార్కులు వచ్చి ఉండేవి. అప్పటి నుంచి, ఉటంకించిన ప్రతి తీర్పు కిందా తరువాతి కేసుల్లో దాని గతి ఏమైందో ఒక వాక్యం రాయిస్తున్నాను. 20 మార్కుల్లో 5 దానికే.

జవాబు (చరిత్ర పరిశోధన పర్యవేక్షకురాలు):
‘కొత్త ఆధారమే మేలు’ అన్న బిట్ మా శాఖలో తప్పు సమాధానం అవుతుంది. హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్న నిజాం కాలపు ఫారసీ, ఉర్దూ పత్రాలు తెలుగులోనో ఇంగ్లీషులోనో టైపు చేసి వెతికితే దొరికేవి కావు. దొరికాక కూడా, రెవెన్యూ అధికారి పైవారికి పంపిన నివేదికలో రైతు మాట ఎంతవరకు మిగిలి ఉంటుందని అడగాలి. అందుకే మా విద్యార్థులు వెతుకులాట డైరీ రాస్తారు. ఏ కేటలాగు చూశారో, ఎక్కడ ఏమీ దొరకలేదో అందులో ఉండాలి. దొరకనిదాన్ని నిజాయితీగా నమోదు చేసినవారికి నేను మార్కులు తగ్గించను.

జవాబు (సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు):
సీనియర్ల నివేదికల నుంచి ఎత్తిరాయడం వల్ల, 2000లో సవరించిన ఐఎస్ 456 కాంక్రీటు ప్రమాణానికి బదులు 1978 నాటిది ఇప్పటికీ కనిపిస్తుంది. అరవైమంది డైరీలు దిద్దడం నా వల్ల కాదు గనుక, వైవాలో ఒక్క ఆధారాన్ని చూపించి ‘ఇది ఎలా దొరికింది, ఇందులో ఏ క్లాజు వాడారు?’ అని అడుగుతాను. చదివినవారెవరో అక్కడే తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. అమెరికా కళాశాల, పరిశోధన గ్రంథాలయాల సంఘం కూడా 2000 నాటి ప్రమాణాల జాబితాను 2016లో రద్దు చేసి, ఆరు మూలభావనల చట్రాన్ని నిలుపుకొంది. ఏది ప్రామాణికమో సందర్భాన్ని బట్టి మారుతుందన్నది వాటిలో ఒకటి. చదివినప్పుడు అర్థం కానిది న్యాయశాస్త్రం సార్ చెప్పిన తీర్పు ఉదాహరణతో అర్థమైంది. వచ్చే సెమిస్టరులో న్యాయశాస్త్ర శాఖతో మొదలుపెడతాం. సార్, మీరు మార్కులు వేసే పత్రం నమూనా ఇక్కడ పెట్టగలరా?