ఈత రాని పిల్లలు, మోకాళ్ల నొప్పుల అత్తయ్యగారు: రోజంతా బీచ్‌లో గడపొచ్చా?

ఇసుకగూడు:
సెలవులకి ఒక దీవికి వెళ్తున్నాం. తెల్ల ఇసుక, కొబ్బరిచెట్లు, కాస్త లోపల పగడపు దిబ్బ. పాపకి నాలుగేళ్లు, బాబుకి తొమ్మిది. ఇద్దరికీ ఈత రాదు. మా ఆయనేమో పొద్దున వెళ్తే సాయంత్రం దాకా అక్కడే అంటున్నారు. నాకు ఎండ, నీళ్లు తలుచుకుంటేనే టెన్షన్. చేతులకి గాలి బుడగలు కడితే సరిపోతుందా?

నీలిగట్టు:
రోజంతా వద్దండి, రెండు పూటలుగా వెళ్లండి. తెల్లారగానే వెళ్లి పదింటికల్లా నీడకి వచ్చేయండి, మళ్లీ నాలుగు దాటాక. ఆ ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు. గొడుగు కింద కూర్చున్నా తెల్ల ఇసుక మీద పడిన ఎండ ఎగిరొచ్చి మొహానికి కొడుతుంది. ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ రాయాలి. చెవులు, పాదాల పైభాగం అందరూ వదిలేస్తారు. నన్నడిగితే పిల్లల వెంటపడి పూసే బదులు పొడుగు చేతుల ఈత చొక్కా తొడగడం సుఖం.

ఇక నీళ్లు. మనకి విరిగే అలల్ని చూస్తే భయం. అసలు చూడాల్సింది రెండు పక్కలా నురగ ఉండి, మధ్యలో మాత్రం నీళ్లు కదలనట్టు, కాస్త ముదురు రంగులో కనిపించే సందుని. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి లాక్కుపోయే దారి అదే. పిల్లల్ని దింపడానికి ఇదే బాగుందనిపించేదీ అదే! అందులో పడితే గజ ఈతగాడు కూడా ఎదురీదలేడు, ఒడ్డు పొడుగునా పక్కకి ఈది బయటపడాలి. పగడపు దిబ్బకి గండి ఉంటే దాని ఎదురుగా కూడా దిగొద్దు. ఎరుపు పసుపు జెండాలుంటే వాటి మధ్యనే.

గాలి బుడగలు ఆటబొమ్మలండి. సరైన సైజు లైఫ్ జాకెట్ వేయండి, అది వేసినా చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఒక పెద్దవాళ్లు ఉండాలి. ఫోన్ చూసుకుంటూ కాదు.

వెన్నెలపోటు:
అత్తయ్యగారి గురించి ఎవరూ చెప్పలేదే. పొడి ఇసుకలో కాళ్లు కూరుకుపోయి మోకాళ్లు లాగేస్తాయి, నడిస్తే తడిసి గట్టిపడ్డ ఇసుక మీదే నడిపించండి. కుర్చీ మాత్రం అక్కడ వేయకండి, పోటు వచ్చిందంటే సామాన్లతో సహా మోసుకు పరిగెత్తాలి. పోటు వేళలు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి, అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు ఇంకా పైకొస్తాయి. హోటల్లో అడిగితే ఆ రోజు టైమ్ చెప్తారు.

ఇసుకగూడు:
థాంక్సండి. జెల్లీ ఫిష్ కుడితే?

నీలిగట్టు:
రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. వెంటనే లైఫ్‌గార్డ్‌కి చూపించండి, అక్కడ ఏ రకం దొరుకుతుందో, దానికేం చేయాలో వాళ్లకి తెలుసు. ఒడ్డున చచ్చిపడి ఉన్నదాన్ని కూడా బాబు ముట్టుకోకూడదు, అదీ కుడుతుంది.

బాబు బోర్ అంటే ఒకటి చెప్పండి: అలాంటి చోట్ల తెల్ల ఇసుకలో చాలావరకు చిలుక చేపలు పగడాల్ని కొరికి నమిలి విసర్జించిందే.

ఇసుకగూడు:
చెప్పాను. ఇసుకలో కూర్చోనంటున్నాడు. పాపేమో ఆ చేపని చూపిస్తేనే వస్తానంటోంది.