మయన్మార్ భూకంపం, 2025: గొంగళ్లు పంపుదామా, పైసలు పంపుదామా?

డిండి_వాగు:
మార్చి 28న మయన్మార్‌ల సగైంగ్, మాండలే దిక్కు 7.7 తీవ్రతతోని భూకంపం వచ్చింది. ఇండ్లు కూలినోళ్లు, కూలుతయేమోనని భయపడ్డోళ్లు రోడ్ల మీదనే పండుతున్నరు. మన పాలమూరు దిక్కు కురుమోళ్ల ఇండ్లల్ల నేసిన గొంగళ్లున్నయి. ఊరూరా చందా ఎత్తి ఐదొందలు కొని పంపుదాం. కిందేసుకోవచ్చు, కప్పుకోవచ్చు, వానొస్తే నెత్తి మీద గొప్పె లెక్క పెట్టుకోవచ్చు. ఆపరేషన్ బ్రహ్మ కింద సర్కారు విమానాలు, నౌకలు పోతనే ఉన్నయి. అండ్ల ఏస్తే అయిపాయె. ఏమంటరు?

పానగల్లు_చెరువు:
మంచి పని. నా పేరు రాసుకోండి.

కృష్ణ_ఒడ్డు:
వద్దన్నా. ఏప్రిల్‌లో మాండలేలో ఎండ 40 డిగ్రీల దాకా పోతది. ఆ ఎండలో ఉన్ని గొంగడి ఎవరు కప్పుకుంటరు? వాళ్లకు కావాల్సింది నీడ, దోమతెర, మంచినీళ్లు. ఇంకో లెక్క చూడు. ఒక్కో గొంగడి రెండు కిలోలనుకున్నా ఐదొందలకు ఒక టన్ను. ఓఆర్‌ఎస్ పొట్లం 20.5 గ్రాములు, ఒక లీటరు నీళ్లకు ఒకటి. అదే టన్ను బరువులో 48 వేల పైచిలుకు లీటర్లకు సరిపడా పొట్లాలు పోతయి. విమానంలో చోటు దొరకడమే కష్టమైన రోజుల్లో ప్రతి కిలోకూ ఈ లెక్క వేయాల్సిందే.

డిండి_వాగు:
మార్చి 29న పోయిన మొదటి విమానంల పదిహేను టన్నుల సామాను పాయె. అండ్ల కంబళ్లు లేవా? టర్కీకి కంబళ్లు పోలేదా? వాళ్లు పంపితే సాయం, మనం పంపితే బరువా?

కృష్ణ_ఒడ్డు:
టర్కీ భూకంపం 2023 ఫిబ్రవరి 6న, గడ్డకట్టే చలిలో వచ్చింది. అక్కడ కంబళి ప్రాణం నిలబెట్టే వస్తువు. మొన్నటి విమానంలో పోయినవి సర్కారు లెక్క చూసుకుని, మూటలు కట్టి పంపినవి. అక్కడ దిగేసరికి ఎన్ని ఉన్నయో, ఎవరికి అప్పజెప్పాలో కాగితం మీద ఉంటది. ఊరూరా పోగుచేసిన మూటకు ఆ కాగితం ఉండదు. 1988లో ఆర్మేనియా భూకంపానికి లోకమంతా కలిసి ఐదు వేల టన్నుల మందులు, వైద్య సామాను పంపింది. ఏం వచ్చిందో తేల్చుకోడానికే యాభై మందికి ఆరు నెలలు పట్టింది. నూటికి ఎనిమిది వంతులు దిగేసరికే గడువు దాటినవి.

మిర్యాలగూడ_లారీ:
మందుల సంగతి వేరు, గొంగళ్ల సంగతి వేరు. కానీ ఒకటి చెప్తా. అందుకునేటోని పేరు లేని సరుకు పోర్టులనే పడుంటది. మూటకో నంబరు, లోపల ఏముందో చీటీ, తూకం, అవతల విడిపించుకునే సంస్థ పేరు. ఇవి లేకుంటే లోడు ఎత్తొద్దు. యాంగోన్‌ల దిగినా మాండలే ఆరొందల కిలోమీటర్లు. సగైంగ్‌కు పోవాల్నంటే ఇరావతి దాటాలె, అక్కడ పాత అవా వంతెన కూలిపోయింది.

డిండి_వాగు:
సామానే పంపాల్నంటే మరి ఏం పంపాలె? అదన్నా చెప్పుర్రి.

మిర్యాలగూడ_లారీ:
తాటిపత్రి. నాలుగు మీటర్లకు ఆరు మీటర్లది, కుటుంబానికి రెండు, దాంతోపాటు తాడు. చదరపు మీటరుకు 200 గ్రాముల మందం ఉంటే ఒక్కోటి ఐదు కిలోల లోపు వస్తది. బజార్ల అగ్గువకు దొరికే పల్చటి నీలి పట్టా ఒక్క గాలికి రింగు కాడ చిరుగుతది. అంచు మడిచి, లోపల తాడు పెట్టి కుట్టినదే తీసుకోవాలె. రింగు పోతే గులకరాయిని పట్టాలో చుట్టి, దాని మెడకు తాడు బిగించి కట్టుకోవచ్చు. ఈ కిటుకు బొమ్మ గీసి ప్రతి మూటలో పెడితే బాగుంటది.

కల్వకుర్తి_అక్క:
మధ్యలో అడుగుతున్న, ఏమనుకోకుండ్రి. మా ఊరి పిలగాడు మాండలేల పనిచేస్తున్నడు. ఫోన్ కలుస్తలేదు. ఎవరిని అడగాలె?

కృష్ణ_ఒడ్డు:
అక్కా, మాటిమాటికి కాల్ చేయకుండ్రి. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు కాల్ కలవకున్నా ఎస్ఎంఎస్ పోతది. అవతల బ్యాటరీ కూడా మిగులుతది. ఒకే కాగితం మీద ఇవి రాయండి: పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, నంబరు, పుట్టిన తేదీ, కంపెనీ పేరు, ఉండే బిల్డింగు, ఎన్నో అంతస్తు, ఆఖరిసారి మాట్లాడిన రోజు, టైము. దాన్ని యాంగోన్‌లోని మన ఎంబసీకి, మాండలేలోని మన కాన్సులేట్‌కు పంపి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా వేయండి. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. హైదరాబాద్ సచివాలయంలో ఎన్నారై విభాగం ఉంది, ఆ నంబరుతోనే అక్కడా అడగొచ్చు. రెడ్ క్రాస్ వాళ్లకు తప్పిపోయిన వాళ్లను ఇంటోళ్లతో కలిపే పని ప్రత్యేకంగా ఉంటది, అక్కడా పేరు ఇవ్వండి. పాస్‌పోర్టు ఫొటో మాత్రం గ్రూపుల్లో పెట్టకుండ్రి. 'దొరికిండు, దవాఖానలో ఉన్నడు, పైసలేయండి' అనే ఫోన్లు వస్తయి.

పానగల్లు_చెరువు:
పైసలు బయటికి పంపాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ పర్మిషన్ కావాలి కదా? అందుకే సామానే నయం.

కృష్ణ_ఒడ్డు:
కాదు. ఎఫ్‌సీఆర్‌ఏ బయటి నుంచి లోపలికి వచ్చే విరాళాలకు. బయటికి పోయేదానికి ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం. మనిషి పేరు మీదైతే ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి లోపల, పాన్ కార్డు పెట్టి, బ్యాంకులో ఏ-2 ఫారం నింపి పంపొచ్చు. చిక్కంతా ట్రస్టులకే. దేశం బయట ఖర్చు పెట్టిన సొమ్ముకు ముందస్తు అనుమతి లేకుంటే ఆదాయపు పన్ను మినహాయింపు దొరకదు. అందుకే మన యువజన సంఘం ఖాతాలోంచి పంపొద్దు. రెడ్ క్రాస్‌కు ఇచ్చి, 'మయన్మార్ భూకంపం కోసం' అని రసీదు మీద రాయించుకోవాలి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సంస్థ పేరు కాకుండా మనిషి పేరు వచ్చిందా, ఆపేయండి.

డిండి_వాగు:
రసీదు, రసీదు! పోయినసారి వరదలకు ఒక సంఘం ఊళ్లపొంటి తిరిగి ఎత్తిన పైసలకు రసీదులిచ్చింది, లెక్క ఇయ్యాల్టికీ చెప్పలే. గొంగడైతే కండ్ల ముందర కనబడ్తది. పైసలు మాండలే సైన్యం చేతికి పోతయా, సగైంగ్‌ల సైన్యం మీద కొట్లాడుతున్నోళ్ల ఊర్లకు పోతయా, నువ్వు చెప్పగలవా?

కృష్ణ_ఒడ్డు:
చెప్పలేను. సామాను కూడా ఎవరి గోదాంలకు పోతదో నువ్వు చెప్పలేవు. సూటిగా అడుగుతున్న. గొంగళ్లు అమ్ముడుపోక పడున్నయి, అందుకే కదా నీ పట్టు?

డిండి_వాగు:
అవును! దాస్తనా? ఉన్ని వడికి, దారానికి చింతగింజల గంజి పెట్టి, పోగు పోగూ సాఫు చేసే ముసలమ్మలున్నరు. ఒక్క గొంగడికి ఎన్ని రోజుల పనో చూసి మాట్లాడు. వాళ్ల చేతికి నాలుగు పైసలొస్తయి, అక్కడోళ్లకు ఆసరా అయితది. తప్పేంది?

కల్వకుర్తి_అక్క:
ఆ గంజి వాసనకే తేమల పురుగు పడ్తది తమ్మీ. నౌకల వారాలకొద్దీ మూటగట్టి పెడితే విప్పేసరికి తొర్రలే.

కృష్ణ_ఒడ్డు:
తప్పు లేదన్నా. కానీ భూకంపం పేరు చెప్పి ఎత్తిన పైస భూకంపానికే పోవాలి. ఇచ్చేటోనికి నువ్వు ఒక మాట చెప్పి రెండు పనులు చేస్తున్నవ్. చందా పుస్తకాలు రెండు పెట్టు. ఒకటి మయన్మార్‌కు. రెండోదాంతో గొంగళ్లు కొని కార్తీకంలో మన హాస్టళ్లకిద్దాం. రెండిట్లో నేనూ వేస్తా.

డిండి_వాగు:
రెండో పుస్తకంల ఎవడూ వెయ్యడు. టీవీల కనబడే కష్టానికే జేబుల చెయ్యి పెడ్తరు. అది నీకు తెల్వదు, నాకు తెలుసు. ఎండ సంగతి ఒప్పుకుంటున్న. పుస్తకం సంగతి ఒప్పుకోను.

మిర్యాలగూడ_లారీ:
పట్టాలకైతే ధర కనుక్కుంటా. అవతల విడిపించుకునే సంస్థ పేరు దొరికినంక చెప్పుర్రి, అప్పటిదాక బేరం కుదర్చను.

కల్వకుర్తి_అక్క:
ఎంబసీకి, మదద్‌కు రాసిన. ఎన్నో అంతస్తో ఇంట్ల ఎవరికీ తెల్వదంట. కంపెనీ దోస్తులను అడుగుతున్నం.