చెరిగిపోతున్న సమాధి రాతి నుంచి ఒక అమ్మాయి కుటుంబ వివరాలు తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న
పాత చర్చి ఆవరణలో ఒక పాలరాతి సమాధి ఫలకం ఉంది. పేరు, "ఫలానా ఆయన భార్య" అన్న మాట, "1871 మే 4న మరణం, వయసు 22 సంవత్సరాల 3 నెలల 19 రోజులు" అన్నంతవరకు చదవగలుగుతున్నాం. కింది నాలుగు వరుసలు పాచి పట్టి కనబడటం లేదు. ఆమె పుట్టింటివాళ్లు ఎవరు, పిల్లలు ఉన్నారా, అంత చిన్న వయసులో ఎలా పోయింది? యాసిడ్‌తో కడగమని ఒకరు, సుద్ద రుద్దమని ఒకరు అంటున్నారు. రాయికి హాని లేని దారి చెప్పగలరు.

జవాబు: రాతిపని
దయచేసి ఆ రెండూ వద్దు. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేటే. యాసిడ్ దాకా ఎందుకు, నిమ్మరసం తగిలినా పైపొర కరుగుతుంది. ముందుగా పోయేది లోతు తక్కువ ఉన్న అక్షరమే. బ్లీచింగ్ ద్రావణం అయితే అప్పటికి తెల్లగా కనిపించినా, దాని లవణాలు రాతి రంధ్రాల్లో మిగిలి గడ్డకట్టి, లోపలి నుంచి పొరలు ఊడగొడతాయి. సుద్ద రాతిని గీకుతుంది, రంధ్రాల్లో దిగితే మళ్లీ రాదు.

కడగడానికి ముందు వెలుతురుతో ప్రయత్నించండి. చాలాసార్లు దానితోనే పని అయిపోతుంది. ఎండ ఎదురుగా పడితే అక్షరాలు కనబడవు. ఫలకం నీడలో ఉన్నప్పుడు నిలువెత్తు అద్దంతో ఎండను పక్క నుంచి, రాతిని దాదాపు తాకుతూ పోయేలా మళ్లించండి. చీకటి పడ్డాక టార్చితోనూ ఇలాగే చేయొచ్చు. కెమెరా కదలకుండా స్టాండు మీద పెట్టి, వెలుగును కుడి, ఎడమ, పై, కింది వైపుల నుంచి వేస్తూ ఒక్కో ఫోటో తీయండి. నిలువు గీతలు పక్క వెలుగులో, అడ్డ గీతలు పై వెలుగులో తేలతాయి. నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

అప్పటికీ పాచి అడ్డొస్తే, చర్చివాళ్ల అనుమతి తీసుకున్నాకే నీళ్లు పట్టుకోండి. ముందు వేలి కణుపుతో రాతిని మెల్లగా తట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చినా, చేతికి పంచదారలా పొడి రాలినా ఇక ముట్టుకోవద్దు. గట్టిగా ఉంటే మంచినీళ్లతో బాగా నానబెట్టి, మెత్తటి నైలాన్ బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దండి. పై నుంచి మొదలుపెడితే మురికి నీరు పొడి రాతి మీదుగా కారి చారలు కడుతుంది. ఆరనివ్వకుండా కడుగుతూ ఉండాలి. అంటుకున్న పాచికి చెక్క పుల్ల చాలు. ఇనప బ్రష్, ప్రెషర్ వాషర్ దగ్గరికి రానివ్వకండి.

జవాబు: నిలబెట్టేవాళ్లు
ఒక్క జాగ్రత్త. మీటరు ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న రాయి 160 కిలోల దాకా తూగుతుంది. ఒరిగి ఉంటే దాని ముందు కూర్చోకండి. మీరే సిమెంటు వేసి నిలబెట్టకండి కూడా. సిమెంటు గట్టిగా పట్టేసి రాయిని కదలనివ్వదు, చివరికి పగిలేది రాయే. సున్నం వాడే పాత పనివాళ్లను పిలవండి.

జవాబు: రిజిస్టర్లు
వయసును రోజులతో సహా చెక్కించారంటే లెక్క చూసుకున్నవాళ్లు దగ్గరివాళ్లే. అది మీకు మంచి ఆధారం. మరణ తేదీ నుంచి ముందు సంవత్సరాలు, తర్వాత నెలలు, చివర రోజులు తీసేస్తే 1849 జనవరి 16 వస్తుంది. రోజులు ముందు తీస్తే జనవరి 15. అందుకే బాప్తిస్మ రిజిస్టరును ఒక్క తేదీ దగ్గర వెతకకుండా, ఆ జనవరి నుంచి ఏడాది పొడవునా చూడండి. పుట్టిన వెంటనే బాప్తిస్మం ఇప్పించకపోవడం మామూలే. (వేరే రాళ్ల మీద "23వ ఏట" అని ఉంటే నిండినవి 22 అని గుర్తుంచుకోండి.)

పుట్టింటి పేరుకు వివాహ రిజిస్టరే అసలు ఆధారం. తండ్రి పేరు ఉండొచ్చు. లేకపోతే సాక్షుల సంతకాలు చూడండి, వాళ్లలో అన్నో బాబాయో దొరికే అవకాశం ఎక్కువ. భర్త వైపు నుంచి వెతికేటప్పుడు ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడేమో గమనించండి. రెండో భార్య పిల్లలను ఈమె ఖాతాలో వేయడం తరచూ జరిగే పొరపాటు. 1871 మే 4 తర్వాత పుట్టినవాళ్లు ఈమె పిల్లలు కారు.

మరణ కారణం ఊహించవద్దు. పక్కన చిన్న సమాధి ఉందనగానే కాన్పులో పోయిందని రాసేస్తారు. ఆ బిడ్డ తేదీ ఈమె తేదీకి ముందా వెనకా, ఎన్ని రోజుల తేడా అన్నది చూడాలి. ఖనన రిజిస్టరులో కారణం రాసి ఉంటే అదే మాట అలాగే ఎత్తి రాయండి. క్షయ, టైఫాయిడ్, కలరా ఆ వయసువాళ్లను ఎందరినో తీసుకుపోయిన కాలమది.

ఫలకం వెనక వైపు, అంచులు, పాదాల దగ్గర ఉండే చిన్న రాయి కూడా చూడండి. అక్కడ పేరు పొడి అక్షరాలు (ఇనిషియల్స్) ఉండొచ్చు. కుటుంబాలు స్థలం కలిపి కొనుక్కునేవి కాబట్టి, చుట్టూ రెండు వరుసల రాళ్లన్నీ రాసుకోండి. ఇంటిపేరు వేరైనా వదలొద్దు, అది ఆమె పుట్టింటిది కావచ్చు.

జవాబు: రాతిపని
చదివింది ఎక్కించేటప్పుడు రాతి మీద ఉన్న వరుసలుగానే, తప్పులు దిద్దకుండా రాయండి. పోయిన అక్షరానికి చదరపు బ్రాకెట్, ఊహించినదానికి పక్కన ప్రశ్నార్థకం. రిజిస్టరు నుంచి తెచ్చిన వివరాన్ని రాతి పాఠంలో కలపకుండా కింద విడిగా పెట్టండి. ఫలకం చెక్కినవాడు ఏళ్ల తర్వాత చెక్కి ఉంటే తేదీలో తేడా రావచ్చు, అప్పుడు రెండూ చూపించాల్సి వస్తుంది. ఒక ప్రతి చర్చి ఆఫీసులో ఇవ్వండి.