ఏప్రిల్ 16: బ్లాక్స్‌బర్గ్‌లో దీపం, మన మిర్చి యార్డు దగ్గర చలివేంద్రం

గుంటూరు నుంచి:
అందరికీ నమస్కారం. అమెరికాలో వర్జీనియా టెక్ యూనివర్సిటీ ఉన్న ఊరు బ్లాక్స్‌బర్గ్‌లోని మన తెలుగు సంఘం వాళ్లు ఈసారి ఏప్రిల్ 16న తమ కార్యక్రమంతో పాటు ఇక్కడి సేవా క్లబ్బుల్ని కూడా ఏదైనా చేయమన్నారు. నిన్న సాయంత్రం బ్రాడీపేటలో ఆరుగురం కూర్చున్నాం. మొదట కొవ్వొత్తుల ర్యాలీ అనుకుని, వద్దనుకున్నాం. ఎవరికైనా ఉపయోగపడే పని చేస్తేనే పోయినవాళ్లకి గౌరవం.

కొత్తగా చేరిన పిల్లల కోసం రెండు ముక్కలు. 2007 ఏప్రిల్ 16న ఆ వర్జీనియా టెక్ యూనివర్సిటీలో జరిగిన కాల్పుల్లో 32 మంది పోయారు. 27 మంది విద్యార్థులు, ఐదుగురు అధ్యాపకులు. ఆ ఐదుగురిలో జి.వి. లోగనాథన్ గారు తమిళనాడులోని గోబిచెట్టిపాళయం వైపు నుంచి వెళ్లిన సివిల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. ఆ ఉదయం నోరిస్ హాల్ అనే భవనంలో 206వ గదిలో హైడ్రాలజీ, అంటే నీటి శాస్త్రం పాఠం చెబుతున్నారు. ఆ గదిలో ఆయనతో పాటు తొమ్మిది మంది విద్యార్థులు పోయారు. అదే భవనంలో ఇంకో గదిలో పోయినవాళ్లలో ముంబయి నుంచి చదువుకోవడానికి వెళ్లిన అమ్మాయి కూడా ఉంది.

నీళ్ల గురించి చెబుతున్న పాఠం సగంలో ఆగిపోయింది. అందుకే మనం నీళ్లే పోద్దామన్నాను, అందరూ ఒప్పుకున్నారు. మిర్చి యార్డు గేటు దగ్గర చలివేంద్రం, 32 కుండలు. ఏప్రిల్లో అక్కడ నిలబడ్డవాళ్లకి చెప్పనక్కర్లేదు. హమాలీలు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తుంటారు. ఘాటుకి దగ్గు ఆగదు, నీళ్ల కోసం రోడ్డు దాటి రావాలి.

బ్లాక్స్‌బర్గ్ నుంచి:
బాబాయ్, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఇక్కడ 15వ తేదీ అర్ధరాత్రి పన్నెండింటికి స్మారకం దగ్గర దీపం వెలిగిస్తారు, 24 గంటలూ ఉంటుంది. మీకు అప్పుడు 16వ తేదీ ఉదయం 9:30. సరిగ్గా ఆ టైముకి మీరు మొదటి చెంబు నీళ్లు పోస్తే బాగుంటుంది.

యూనివర్సిటీలోని డ్రిల్‌ఫీల్డ్ మైదానంలో ఆ స్మారకంగా 32 రాళ్లు అర్ధచంద్రాకారంలో ఉంటాయి. మొదట ఆ రాళ్లు పెట్టింది విద్యార్థులే. ఏటా ఆ 32 మంది జ్ఞాపకంగా 3.2 మైళ్ల పరుగు కూడా ఉంటుంది, మా సంఘం వాళ్లమూ వెళ్తాం. ఈ యూనివర్సిటీ నినాదం లాటిన్‌లో ‘ఉట్ ప్రోసిమ్’, నేను సేవ చేయాలి అని అర్థం. అందుకే ఇక్కడ ఆ 32 మంది పేరు మీద సేవ చేయడం అందరికీ దగ్గరైన పని.

ఒక్క మనవి. కాల్చినవాడి పేరు ఎక్కడా ఎవరూ ఎత్తొద్దు. ఆ రోజు ఆ 32 పేర్లే వినపడాలి.

విజయవాడ నుంచి:
మేమూ వస్తాం మాస్టారూ. ఎండాకాలం కాలేజీలకు సెలవులిస్తే రక్తం ఇచ్చేవాళ్లు తగ్గిపోతారు. అదే రోజు ఇక్కడ మా క్లబ్బు 32 యూనిట్లు లక్ష్యంగా రక్తదాన శిబిరం పెడుతుంది. ఒక సందేహం, కుండకో పేరు రాయిద్దామా?

గుంటూరు నుంచి:
చాలా సంతోషం. పేర్లు మాత్రం కుండల మీద వద్దమ్మా. రోడ్డు పక్కన ఒక కుండ పగులుతుంది, ఇంకోటి ఎవరో కాలితో నెడతారు. ఆ తల్లిదండ్రులు చూస్తే ఎలా ఉంటుంది? పేర్లు నోటితో చదువుదాం, తప్పు పలకకుండా. బ్లాక్స్‌బర్గ్ అమ్మాయీ, నువ్వు 32 పేర్లూ నెమ్మదిగా పలికి వాయిస్ రికార్డు చేసి పంపు. ఆ ఐదుగురు అధ్యాపకుల్లో ఒకరైన లివియు లిబ్రెస్కు గారి పేరు దగ్గర మేం నిన్న నాలుగుసార్లు తడబడ్డాం. తలుపుకి అడ్డంగా నిలబడి, విద్యార్థులు కిటికీలోంచి దూకి బయటపడేదాకా ఆపిన మనిషి ఆయన. ఆ పేరు పలకడం నేర్చుకోకుండా మైకు పట్టుకోలేను.

ఫ్లెక్సీ ఒక్కటే. మన ఫొటోలు, హోదాలు ఉండవు.

ఇక పని. కుండ పదిహేను లీటర్లు పడుతుంది, ఒక్కసారి నింపడానికి 480 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల వాటర్ టిన్నులు 24 కావాలి. మధ్యాహ్నానికి మళ్లీ నింపాలి. కొత్త కుండలు 14నే తెచ్చి రాత్రంతా నానబెట్టాలి, మర్నాడు ఆ నీళ్లు పారబోసి కడగాలి, లేకపోతే మట్టి వాసన పోదు. పైన తాటాకు పందిరి, కుండలకి తడి గోనెసంచులు. ఒక్కరోజు పెట్టి ఎత్తేయొద్దు, రోహిణి కార్తె దాటేదాకా నడపాలి. రోజుకి ఇద్దరు చొప్పున ఎవరెవరు వస్తారో ఇక్కడే రాయండి.

బ్లాక్స్‌బర్గ్ నుంచి:
పేర్లు ఈ రాత్రికే పంపుతా బాబాయ్. మొదటి చెంబు ఎవరికి పోస్తున్నారు?

గుంటూరు నుంచి:
ఆ టైముకి గేటు దగ్గర టిక్కీ దించిన హమాలీకమ్మా. కుండలకి ఆటో నేను మాట్లాడాను, 14న ఉదయం దించుకోవడానికి నలుగురు కావాలి.