‘ఎవ్వనియందు డిందు’: డిందడం అంటే పోవడమా, అణిగి ఉండటమా?

ఉత్పలమాలిని
రెండు రోజులుగా ఒక పాదం బుర్రలో తిరుగుతోంది. అమ్మ ఫోన్‌లో కొన్నప్పుడే వేసి ఇచ్చిన యాప్‌లు బోలెడు. మామూలు యాప్‌కి అన్‌ఇన్‌స్టాల్ అని ఉండే చోట వీటికి డిజేబుల్ అని ఉంటుంది. నొక్కబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “అది పోతుందా, ఉంటుందా?” అంది. “ఉంటుందమ్మా. కనబడదు, పని చెయ్యదు, అంతే” అన్నాను. “అంటే లోపల లీనమై ఉంటుందన్నమాట” అని పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం పద్యం అందుకుంది. ‘ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపలనుండు లీనమై యెవ్వనియందు నుండు...’

నాకు చిన్నప్పటి నుంచీ ‘డిందు’ అనే గుర్తు. అమ్మ ‘నుండు’ అనే చదువుతుంది, తాతగారు అలాగే నేర్పారట. ఏది సరైనది? డిందే అయితే దానికి నశించడం అని చెప్పుకోవాలా, అణిగి ఉండటం అనా? ఇంకో మాట కూడా అడుగుతాను. డిజేబుల్‌కి అమ్మకి అర్థమయ్యే తెలుగు మాట ఏదైనా ఉందా? ఫోన్ భాష తెలుగులోకి మారిస్తే ‘నిలిపివేయి’ అని చూపిస్తోంది. అమ్మ దాన్ని కాసేపు ఆపడం అనుకుంటోంది.

అరసున్న
డిందే. నేను చూసిన ముద్రణలన్నిటిలోనూ అదే. అయితే ఛందస్సు మీకు సాయం చెయ్యదు. ‘యందు డిం’ రగణం (గురువు, లఘువు, గురువు), ‘యందు నుం’ కూడా రగణమే. ప్రాస రెండో అక్షరం దగ్గర ‘వ్వ’తో తీరిపోయింది. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, పదో అక్షరం ‘మే’ దగ్గర. మధ్యలో ఉన్న ఆరో అక్షరానికి కాపలా లేదు. నోటిపాఠాలు జారేది ఇలాంటి చోటే. పై పాదంలో ‘లోపలనుండు’ అని ఒకసారి పలికిన నాలుక, కింద మళ్లీ అదే పట్టుకుంది. అమ్మగారి తప్పేమీ లేదు.

నిఘంటుప్రియ
పాఠం విషయంలో అరసున్న గారితో నాకు పేచీ లేదు. అర్థం అంత తేలిక కాదు. నిఘంటువులో డిందు కింద అణఁగు, నశించు అని రెండూ కనిపిస్తాయి. ఈ రెండూ ఒకటి కావు. నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. పోయిందా? పోలేదు, నేలని అంటిపెట్టుకుని ఉంది. ఆరాక ఎవరైనా చీపురు పడితే మళ్లీ లేస్తుంది. మీ అమ్మగారి ఫోన్‌లో యాప్ అచ్చం ఆ దుమ్ములాంటిదే. నన్నడిగితే డిజేబుల్‌కి ‘అణచి ఉంచు’ అంటాను.

భాగవతాభిమాని
సంస్కృత మూలం చూడకుండా మాట్లాడుకుంటున్నాం. అష్టమ స్కంధంలో గజేంద్రుడి స్తుతి ‘యస్మిన్నిదం యతశ్చేదం యేనేదం య ఇదం స్వయం’ అని ఉంది. ఎవనిలో ఇది ఉందో, ఎవని నుంచి వచ్చిందో, ఎవని వల్ల ఉందో, ఎవడు తానే ఇదో. ఈ పాదంలో లయమనే మాటే లేదు! ఆ లెక్కన ‘యస్మిన్నిదం’ అన్నదానికి దగ్గరగా ఉన్నది అమ్మగారి ‘ఎవ్వనియందు నుండు’ అనే పాఠమే. దాన్ని నాలుక జారడమని కొట్టిపారేయకండి.

అరసున్న
మీరు చెప్పింది నిజమైతే పోతన ‘ఎవ్వని లోపలనుండు’ అని ఒకసారి చెప్పి, ఊపిరి తిప్పుకోకముందే ‘ఎవ్వనియందు నుండు’ అని మళ్లీ చెప్పాడనాలి. అంత వృథా పోతన చెయ్యడు. ఆయన మూలాన్ని దాటి తైత్తిరీయ ఉపనిషత్తులోకి వెళ్లాడు. ‘యతో వా ఇమాని భూతాని జాయంతే, యేన జాతాని జీవంతి, యత్ప్రయంత్యభిసంవిశంతి.’ జనించు, ఉండు, డిందు. మూడుకి మూడూ సరిపోయాయి. అక్కడున్న మాట ‘అభిసంవిశంతి’ అని గమనించండి, లోపలికి ప్రవేశిస్తాయి అని. నశిస్తాయి అనలేదు. కాబట్టి డిందు అంటే చేరి అణగడం.

నిఘంటుప్రియ
చివరికి నా అర్థానికే వచ్చారు, సంతోషం.

అనువాదకుడు
నేను సాఫ్ట్‌వేర్ తెలుగులోకి మార్చే పని చేస్తాను. పద్యం జోలికి పోను కానీ, యాప్‌కి నిజంగా ఏం జరుగుతుందో చూడకుండా మాట ఎంచుకోకూడదు. కొన్నప్పుడే వచ్చిన యాప్ సిస్టమ్ భాగంలో ఉంటుంది. దాన్ని చదవడమే తప్ప మార్చడానికి మనకి వీలుండదు. అందుకే తీసేయలేం. డిజేబుల్ చేస్తే ఐకాన్ మాయమవుతుంది, యాప్ తనంతట తాను లేవదు, నోటిఫికేషన్లు రావు. అసలు యాప్ ఆక్రమించిన చోటు మాత్రం ఖాళీ అవదు.

ఇక్కడొక తిరకాసు. ఆ యాప్‌కి తర్వాత అప్‌డేట్లు వచ్చి ఉంటే, ‘ఫ్యాక్టరీ వెర్షన్‌కి మార్చాలా? డేటా అంతా పోతుంది’ అని ఫోన్ అడగవచ్చు. సరే అంటే కొత్తగా చేరిందంతా పోయి, మొదటి రోజు రూపం ఒక్కటే మిగులుతుంది. మరి ఇది అణగడమా, నశించడమా?

ఇంకొకటి. ఫోర్స్ స్టాప్‌కి కూడా ‘ఆపు’ అనే అంటున్నాం. అది అప్పటికి మాత్రమే, మళ్లీ తెరిస్తే యాప్ లేచి కూర్చుంటుంది. డిజేబుల్ చేసినది మనం ఎనేబుల్ చేసేదాకా లేవదు. అందుకే ‘నిలిపివేయి’ అంటే అమ్మగారికి తికమక.

ఉత్పలమాలిని
అనువాదకుడు గారూ, ఆ డేటా హెచ్చరిక మా ఇంట్లో నిజంగానే బాధ పెట్టింది. పోయినేడాది అమ్మ ఫోన్‌లో ఒక వాయిస్ రికార్డర్ ఉండేది. ఇంకోటి వేసుకున్నాం కదా అని పాతదాన్ని డిజేబుల్ చేశాను. హెచ్చరిక సరిగ్గా చదవలేదు. పెద్దమ్మ పాడిన మంగళహారతులు నాలుగు ఆ యాప్ తన లోపలే దాచుకుందట. తిరిగి ఎనేబుల్ చేస్తే యాప్ కొత్తదానిలా తెరుచుకుంది. జాబితా ఖాళీ. అమ్మ ఏమీ అనలేదు. ఇప్పుడు నా చెయ్యి పట్టుకున్నది అందుకే.

వెన్నెలపేజీ
అయ్యో మాలినీ. ఇంకెవరైనా ఈ పని చేసే ముందు రికార్డింగులు, ఫొటోలు వేరే చోటికి కాపీ చేసుకోండి. నేనైతే అనవసరమైన యాప్‌లకి ముందు నోటిఫికేషన్లు ఆపేస్తాను, తర్వాత లొకేషన్, మైకు అనుమతులు తీసేస్తాను. సగం గోల అక్కడే తగ్గుతుంది. హోమ్ స్క్రీన్ మీద నుంచి ఐకాన్ లాగేస్తే చాలనుకునేవాళ్లు చాలామంది. అది గుమ్మానికి తెర వేయడం లాంటిదే, లోపల మనిషి తిరుగుతూనే ఉంటాడు.

మాట సంగతికొస్తే, మా ఇంట్లో ‘అటకెక్కించు’ అంటాం. పారేయలేదు, వాడటం లేదు, కావాలంటే నిచ్చెన వేసుకోవాలి. దీనికి నిఘంటువు అక్కర్లేదు.

అనువాదకుడు
అటకెక్కించు చాలా బాగుంది. అది ఆర్కైవ్‌కి ఇంకా బాగా కుదురుతుంది. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15లో ఆ సదుపాయం ఫోన్‌లోనే ఉంది. ఐఫోన్‌లో 2017 నుంచీ, అంటే ఐఓఎస్ 11 నుంచీ, ఆఫ్‌లోడ్ పేరుతో ఉన్నది ఇంచుమించు ఇదే. యాప్ పోతుంది, డాక్యుమెంట్లు, డేటా ఫోన్‌లోనే ఉంటాయి. ఐకాన్ మీద చిన్న మబ్బు గుర్తు కనిపిస్తుంది. తడితే యాప్ మళ్లీ దిగి పాత డేటాతో కలుస్తుంది. డిజేబుల్‌కి ఇది తలకిందులు. అక్కడ ఒళ్లు ఉండి జ్ఞాపకం పోవచ్చు, ఇక్కడ జ్ఞాపకం ఉండి ఒళ్లు పోతుంది.

భాగవతాభిమాని
జ్ఞాపకం మిగిలి ఒళ్లు పోవడానికి మనకు మాట ఎప్పుడో ఉంది కదండీ. వాసన. పూర్వజన్మ వాసన అంటామే, అది. ఆఫ్‌లోడ్ చేసిన యాప్ వాసనామాత్రంగా ఉంది అనండి.

నిఘంటుప్రియ
ఫోన్ తెర మీద ‘వాసన’ అని రాస్తే జనం ముక్కు దగ్గర పెట్టుకుంటారండీ. సాంకేతిక అనువాదాల్లో డిజేబుల్‌కి ‘అచేతనం’ అని చూశాను. నాకది నచ్చదు. అచేతనమంటే జడం, రాయీ రప్పా. ఎన్నడూ చైతన్యం లేనిదానికి వాడే మాట. నిద్రపోయేదాన్ని రాయి అనకూడదు. ‘సుప్తం’ కొంత నయం.

అరసున్న
ఇంతసేపూ డిందు చుట్టూ తిరిగాం కానీ అసలు చిక్కు ‘లీనమై’ దగ్గర ఉంది. దాన్ని దేనితో అన్వయిస్తున్నారు? ‘లోపలనుండు లీనమై’ అని వెనక్కి కలిపితే స్థితిలోనే జగత్తు లీనం, అంటే కనబడకుండా ఇమిడి ఉండటం. ‘లీనమై యెవ్వనియందు డిందు’ అని ముందుకి కలిపితే అది ప్రళయం మాట. లీనం, లయం రెండూ ‘లీ’ ధాతువు నుంచే వచ్చాయి. అదే పద్యంలో కిందికి రండి, ‘అనాదిమధ్యలయుఁడు’. అక్కడ లయం అంటే అంతమే. మూడు పాదాల లోపల ఒకే ధాతువుకి రెండు అర్థాలా?

భాగవతాభిమాని
పోతనకి అది కొత్తా? ‘లీనమై’ని పాదం చివర వేలాడదీశాడు, అటూ ఇటూ రెంటికీ అందేలా. పాడి చూడండి. అక్కడ ఊపిరి ఆగితే ఒక అర్థం, ఆగకుండా ‘యెవ్వని’లోకి జారితే ఇంకొకటి. నాకు ఆగడమే ఇష్టం.

అరసున్న
నాకు జారడం. యకారం అందుకే వచ్చింది, ‘లీనమై యెవ్వని’ అని కలిపి పలకమని.

భాగవతాభిమాని
ఆ యడాగమం సంధి వల్ల వచ్చింది, అన్వయం వల్ల కాదు. మూడో పాదం చివర ‘వాఁ’, నాలుగో పాదం మొదట ‘డెవ్వఁడు’. మాటే రెండుగా చీలింది. పాదం చివరలు పోతనకి గోడలు కావన్నది ఒప్పుకుంటాను, అంతవరకే.

వెన్నెలపేజీ
మీరిద్దరూ లీనం దగ్గర ఆగిపోయారు. నాకు డిజేబుల్ అనగానే తట్టింది అదే ఘట్టంలోని ‘కలఁడు కలం డనెడివాఁడు గలఁడో లేఁడో’. మొసలి పట్టులో ఉన్న ఏనుగు అన్ని దిక్కులా ఉన్నాడంటారు అని లెక్క చెప్పి చెప్పి, చివరికి ఒక్క సందేహం దగ్గర కూలబడుతుంది. ఆ ‘ఓ’ దీర్ఘం ఎప్పుడు విన్నా నాకు గొంతు పట్టేస్తుంది.

నిఘంటుప్రియ
ఆ ‘ఓ’ సందేహార్థకమని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. అది పిలుపు. సందేహిస్తున్నవాడు అన్నిసార్లు ‘కలఁడు’ అనడు.

అరసున్న
పిలుపైతే ‘లేఁడో’ని ఏం చేస్తారు? లేనివాణ్ణి పిలిచాడా?

నిఘంటుప్రియ
అవును. అదే నా వాదం.

ఉత్పలమాలిని
అమ్మకి మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. వాసన అన్న మాట దగ్గర ఇంకోసారి చదవమంది. తర్వాత సెట్టింగ్స్‌లో డిజేబుల్ చేసినవాటి జాబితా చూపించాను, పన్నెండు యాప్‌లు. ఒక్కోదాని పేరూ చదివి “ఇవన్నీ ఉన్నాయన్నమాట” అంది. తను మాత్రం ఇప్పటికీ ‘నుండు’ అనే చదువుతోంది. నేనిక దిద్దడం లేదు.

ఎనేబుల్‌కి కూడా మాట కావాలి, మర్చిపోయాను. ‘జనించు’ పనికొస్తుందా?

అనువాదకుడు
పనికిరాదండీ, అది కొత్తగా పుట్టడం. ‘మేలుకొలుపు’ అనండి.

భాగవతాభిమాని
మేలుకొలుపు దేవుడికి. యాప్‌కి ‘లేపు’ చాలు.

అరసున్న
లేపు అంటే దొంగిలించడమని కూడా అర్థం ఉంది, చూసుకోండి.