సెమెస్టర్ ఫీజులో టికెట్ ఉందంటున్నారు, మరి సెప్టెంబర్‌లో ఎలా తిరగాలి? డోర్ట్‌ముండ్ వాళ్ళు చెప్పండి ప్లీజ్

ఖమ్మం_అమ్మాయి:
అందరికీ నమస్తే. నాకు జర్మనీలో డోర్ట్‌ముండ్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది, వీసా కూడా వచ్చేసింది, సెప్టెంబర్ 12న ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతున్నా. క్లాసులు అక్టోబర్‌లోనే కానీ రూమ్ చూసుకోవాలని ముందే వస్తున్నా. సెమెస్టర్ ఫీజు మూడొందల యూరోల పైన కట్టించుకున్నారు, అందులోనే ట్రైన్, బస్సు టికెట్ ఉంటుందని కొందరు అంటున్నారు, ఒక సీనియర్ ఏమో కాదు నెలకి 63 యూరోలు పెట్టి డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ ట్రైన్లు, బస్సులకి చెల్లే నెల పాస్) వేరే తీసుకోవాలి అన్నాడు, ఏది నిజమో అర్థం కావట్లేదు. యూరోకి వంద లెక్కేసుకున్నా నెలకి ఆరు వేలు పైన, నాన్న లోన్ తీసి పంపిస్తున్నారు, అనవసరంగా ఒక్క రూపాయి కూడా పోకూడదని నా బాధ.

ఇంకోటి రూమ్ సంగతి. హామ్‌లో 270కి ఒకటి, బోఖుమ్ లాంగెన్‌డ్రేయర్‌లో 340కి ఒకటి దొరికేట్టున్నాయి. టికెట్ ఎలాగూ ఫ్రీ అయితే దూరమైనా హామ్ తీసుకుందామనుకుంటున్నా. తప్పు చేస్తున్నానా?

రూర్_రాధిక:
చెల్లీ, ఇద్దరూ చెప్పింది నిజమే, ఎప్పుడు అన్నదే తేడా. స్టూడెంట్స్‌కి వచ్చేది డాయిచ్‌లాండ్ సెమెస్టర్ టికెట్, మామూలు డాయిచ్‌లాండ్ టికెట్ రేటులో 60 శాతానికి ఇస్తారు. మామూలుది 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 చేశారు, 2026 జనవరి నుంచి 63. అంటే నీకు పడేది నెలకి 37.80, ఆరు నెలలకి 226.80, అది నువ్వు కట్టిన ఫీజులోనే ఉంది. కాబట్టి ఫ్రీ కాదు, ముందే డబ్బులు కట్టేశావు, ఇంక అక్టోబర్ నుంచి మార్చి దాకా మళ్ళీ ఏదీ కొనొద్దు. దేశం మొత్తం చెల్లుతుంది, సెలవుల్లో కూడా. నేను మొదటి నెల ఈ సంగతి తెలీక సిటీ బస్ పాస్ ఒకటి వేరేగా కొన్నాను, ఆ డబ్బులు వెనక్కి రాలేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కానీ వింటర్ సెమెస్టర్ అంటే అక్టోబర్ 1 నుంచే లెక్క. సెప్టెంబర్ 12 నుంచి 30 దాకా నీ దగ్గర టికెట్ లేనట్టే. ఆ పంతొమ్మిది రోజుల్లోనే చాలామంది ఫైన్ కట్టేది, ఫీజు కట్టాం కదా అని ఎక్కేస్తారు.

నెల్లూరు_టు_ఎస్సెన్:
రాధిక గారు చెప్పిన సెప్టెంబర్ పాయింట్ మీద కొంచెం వివరంగా రాస్తా. మామూలు డాయిచ్‌లాండ్ టికెట్ నెలవారీ చందా లాంటిది, క్యాన్సిల్ చెయ్యాలంటే ఆ నెల 10వ తేదీ లోపు చెయ్యాలి. నువ్వు 12న దిగి అప్పుడు తీసుకున్నావనుకో, 10 దాటిపోయింది కాబట్టి అక్టోబర్ డబ్బులు కూడా కట్ అవుతాయి, అంటే 126 యూరోలు, అక్టోబర్‌లో నీకు ఎలాగూ సెమెస్టర్ టికెట్ ఉంటుంది కదా, ఆ 63 ఉత్త పుణ్యానికి పోతాయి. తీసుకుంటే ఇండియాలో ఉన్నప్పుడే 10 లోపు సెప్టెంబర్‌కి తీసుకుని, వెంటనే క్యాన్సిల్ కొట్టెయ్, నెలాఖరు దాకా పని చేస్తుంది. కొన్ని యాప్‌లు జర్మన్ బ్యాంక్ అకౌంట్ అడుగుతాయి, అందుకని కార్డు తీసుకునే యాప్ చూసుకో.

నాకైతే ఇంకో దారి నచ్చింది. డోర్ట్‌ముండ్ ఉన్న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా స్టేట్‌లో ఈజీ డాట్ ఎన్ఆర్‌డబ్ల్యూ అని ఉంది, ఎక్కేటప్పుడు ఫోన్‌లో చెక్-ఇన్, దిగేటప్పుడు చెక్-అవుట్, మధ్యలో ట్రైన్ ఎన్ని ఒంపులు తిరిగినా లెక్క మాత్రం తిన్నగా గీత గీసినంత దూరానికే. నెలంతా తిరిగినా డాయిచ్‌లాండ్ టికెట్ రేటు దాటనివ్వదు. రూమ్ చూడ్డానికి, అన్మెల్డుంగ్‌కి (అడ్రస్ రిజిస్ట్రేషన్), బ్యాంక్‌కి అని రోజు మార్చి రోజు తిరిగేదానికి ఇదే చవక. చెక్-అవుట్ మర్చిపోవద్దు, దిగి మెట్లెక్కేలోపే కొట్టెయ్. స్టేట్ దాటితే మాత్రం ఇది చెల్లదు.

ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌లో రెండు స్టేషన్లు ఉంటాయి, ఒకటి లోకల్ ట్రైన్లకి, ఇంకోటి ఐసీఈ లాంటి దూరం ట్రైన్లకి, బోర్డు చూసి వెళ్ళు. రెండు 23 కేజీల బ్యాగులతో లోకల్ ట్రైన్లు మారుతూ డోర్ట్‌ముండ్ రావాలంటే నాలుగు గంటలు పైనే పడుతుంది, ఆ ఒక్క రోజు డబ్బు చూసుకోకు, ఐసీఈకో బస్సుకో ముందే బుక్ చేసుకో. కాకపోతే చవక టికెట్ ఆ ఒక్క ట్రైన్‌కే కట్టుబడి ఉంటుంది, ఫ్లైట్ లేటైతే పోతుంది, దిగే టైమ్‌కి కనీసం మూడు గంటల గ్యాప్ పెట్టుకో.

విజయవాడ_వాసు:
సెమెస్టర్ టికెట్‌తో ఏది ఎక్కొచ్చు అన్నది ఎవరూ రాయలేదు. ఆర్ఈ, ఆర్‌బీ అనే లోకల్ ట్రైన్లు, ఎస్-బాన్ (సిటీ చుట్టుపక్కల తిరిగే ట్రైన్), ఊ-బాన్ (మెట్రో), ట్రామ్, బస్సు ఓకే. ఐసీఈ, ఐసీ, ఈసీ, ఫ్లిక్స్ ట్రైన్ లాంటి దూరం ట్రైన్లు ఎక్కకూడదు. జర్మన్ రైల్వే వాళ్ళ డీబీ నావిగేటర్ యాప్‌లో డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లే ట్రైన్లు మాత్రమే చూపించమని ఒక ఆప్షన్ ఉంది, మొదటి రోజే ఆన్ చేసి పెట్టుకో. సైకిల్ ఎక్కించాలంటే దానికి వేరే టికెట్, మడతపెట్టే సైకిల్ అయితే అక్కర్లేదు.

ఫోన్ చార్జింగ్ కూడా చూసుకోండి. నాకు నవంబర్‌లో జరిగింది, లైబ్రరీ నుంచి వస్తున్నా, ఫోన్ రెండు శాతంలో ఉంది, చెకింగ్ ఆవిడ నా సీటు దగ్గరికి వచ్చేసరికి నల్లగా అయిపోయింది. పవర్ బటన్ నొక్కుతూనే ఉన్నా, బ్యాటరీ బొమ్మ ఒకటే వస్తోంది. ఆవిడ ఏమీ అరవలేదు, పాస్‌పోర్ట్ చూసి రాసుకుని 60 యూరోల స్లిప్ చింపి చేతిలో పెట్టింది. వారం రోజుల తిండి డబ్బులు అవి, రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాడు సీనియర్ చెప్తే టికెట్, స్లిప్ పట్టుకుని కౌంటర్‌కి వెళ్ళా, ఆ రోజు నా పేరు మీద చెల్లే టికెట్ ఉందని చూపిస్తే 7 యూరోలకి తగ్గించారు. గడువు స్లిప్ మీదే ఉంటుంది, పక్కన పడెయ్యొద్దు. ఒక చిన్న పవర్ బ్యాంక్ బ్యాగ్‌లో పెట్టుకో, ఐడీ కూడా ఎప్పుడూ ఉండాలి, టికెట్ స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు.

రూర్_రాధిక:
రూమ్ గురించి చెప్పడం మర్చిపోయా. హామ్ తీసుకోవద్దు చెల్లీ, కనీసం మొదటి సెమెస్టర్‌కి. హామ్ నుంచి డోర్ట్‌ముండ్‌కి ట్రైన్లు బాగానే ఉన్నాయి, ఆర్ఈ1 అక్కడి నుంచే బయల్దేరుతుంది, కానీ డోర్ట్‌ముండ్ మెయిన్ స్టేషన్‌లో దిగి మళ్ళీ ఎస్1 మారాలి. లాంగెన్‌డ్రేయర్ నుంచి అయితే అదే ఎస్1 నేరుగా డోర్ట్‌ముండ్ ఊనివెర్సిటేట్ స్టేషన్‌లో దింపుతుంది, అక్కడి నుంచి క్యాంపస్‌లో అటూ ఇటూ వెళ్ళడానికి దూలం కింద వేలాడుతూ పోయే హెచ్-బాన్ ఉంటుంది, డ్రైవర్ ఉండడు, అది కూడా మన టికెట్‌లోనే.

మారడం అంటే పగలు పది నిమిషాలే, రాత్రి అలా కాదు. నేను మొదటి ఏడాది దూరంగా ఉండి ఒక గోడౌన్‌లో లేట్ షిఫ్ట్ చేసేదాన్ని, జనవరిలో ఒకరోజు నా మొదటి ట్రైన్ ఇరవై నిమిషాలు లేటు, రెండోది వెళ్ళిపోయింది, అదే ఆఖరిది. ప్లాట్‌ఫామ్ మీద కాఫీ మెషిన్ పక్కన వెచ్చగా ఉంటుందని నిలబడ్డా, తెల్లవారుజామున నాలుగింటి దాకా. నువ్వు మిగుల్చుకుందాం అనుకునే 70 యూరోలు కంటే ఆ షిఫ్ట్‌లు వదులుకుంటే పోయేదే ఎక్కువ. రూమ్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు యాప్‌లో రాత్రి పన్నెండున్నరకి క్యాంపస్ నుంచి ఆ అడ్రస్‌కి కొట్టి చూడు, ఆదివారం కూడా కొట్టి చూడు.

ఖమ్మం_అమ్మాయి:
అక్కా, ఇప్పుడే కొట్టి చూశా. హామ్ అడ్రస్ స్టేషన్ నుంచి ఇంకా బస్సు ఎక్కాలి, రాత్రి బస్సు లేదు. లాంగెన్‌డ్రేయర్ ఓనర్‌కి మెయిల్ పెట్టేశా. సెప్టెంబర్‌కి ఈజీ యాప్ వాడతా, ఐసీఈ బుక్ చేస్తున్నా. అందరికీ చాలా థాంక్స్, అమ్మకి కూడా చదివి వినిపించా.

రూర్_రాధిక:
మంచిది. హామ్‌ మీద మనసుంటే ఆదివారం వెళ్ళి రా, అక్కడ ఊన్‌ట్రోప్‌లో కామాక్షి అమ్మవారి పెద్ద గుడి ఉంది, శ్రీలంక తమిళులు కట్టించింది, గోపురం దూరం నుంచే కనపడుతుంది. అక్టోబర్ 1 దాటాక అయితే రానూపోనూ నీ సెమెస్టర్ టికెట్‌ మీదే వెళ్ళొచ్చు. 12న ఏ ట్రైన్‌కి వస్తున్నావో మెసేజ్ పెట్టు, బ్యాగులు దింపడానికి నేను స్టేషన్‌కి వస్తా.